నల్ల కారు నిండా సాలెగూడు గీతలు. పాలిషింగ్ మెషీన్ ఏది కొనాలి, రోటరీయా డీఏనా?

నల్లబండి_నాని
2019 హోండా సిటీ, నల్ల రంగు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మియాపూర్‌లో పెట్రోల్ కొట్టించుకుని కారు ఎండలో పక్కకి ఆపా. బానెట్ మీద సూర్యుడు పడ్డచోట గుండ్రంగా సాలెగూడు అల్లినట్టు గీతలు. తల ఎటు జరిపితే గూడు అటే జరుగుతోంది. డోర్లూ అంతే, డిక్కీ అంతే. మా వాచ్‌మన్ రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో తుడుస్తాడు. అంటే నెలకి నాలుగొందలిచ్చి మరీ గీయించుకున్నానన్నమాట.

ఆర్నెల్ల క్రితం ఒక షాపులో టెఫ్లాన్ కోటింగ్ అని ఆరు వేలు తీసుకున్నారు. తెచ్చుకున్న రోజు అద్దంలా ఉంది. నాలుగుసార్లు కడిగేసరికి పోయిన గీతలన్నీ బొట్టు పెట్టి పిలిచినట్టు వరసగా తిరిగొచ్చాయి.

ఇక నేనే చేసుకుందామని. బడ్జెట్ పది, మహా అయితే పన్నెండు వేలు, ప్యాడ్లూ కాంపౌండూ (గీతలు అరగదీసే పేస్టు) అన్నీ కలిపి. వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. ఒకడు రోటరీ అంటాడు, ఒకడు డీఏ (డ్యూయల్ యాక్షన్) అంటాడు, ఇంకొకడు ఫోర్స్‌డ్ రొటేషన్ అంటాడు. 8 ఎంఎం, 15 ఎంఎం, 21 ఎంఎం అంటే ఏంటి? పెద్దదైతే మంచిదా? మెషీన్ పట్టిన అనుభవం అంటారా, గోడకి డ్రిల్ వేయబోయి పెచ్చు ఊడగొట్టిన చరిత్ర ఒక్కటే ఉంది.

కోదాడ_కుర్రోడు
నల్ల కారు, తెల్ల పంచె ఒకటే అన్నా. కట్టుకున్న మొదటి గంటే ముచ్చట.

మైక్రాన్_మూర్తి
ముందు ఆ టెఫ్లాన్ సంగతి. వాళ్ళు గీతలు తీయలేదు, పూడ్చారు. గ్లేజ్‌లో ఉండే నూనెలూ ఫిల్లర్లూ గీతల్లో కూర్చుంటాయి, కాబట్టి వెలుతురు చెదరదు, కంటికి గీత కనపడదు. షాంపూ తగిలేకొద్దీ అవి కొట్టుకుపోతాయి. నిజంగా గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరని, గీత అడుగుదాకా అరగదీయాలి.

అరగదీయడం అన్నాను కాబట్టి లెక్క కూడా చెప్తా. కంపెనీ పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో పైనుండే క్లియర్ కోట్ 35 నుంచి 50. తలవెంట్రుక మందం 70 దగ్గర ఉంటుంది. అంటే నువ్వు ఆడబోయే ఆటంతా వెంట్రుకలో సగంలోనే. గట్టి కాంపౌండుతో ఒకసారి పూర్తిగా కొడితే అందులోంచి రెండు మూడు మైక్రాన్లు పోతాయి. అందుకే ఏడాదికోసారి పాలిష్ చేయించే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోండి.

ఇప్పుడు మెషీన్లు. చిన్నప్పుడు బొంగరం తిప్పావా? మేకు గుచ్చుకుని ఒకేచోట నిద్రపోయినట్టు తిరుగుతుందే, అది రోటరీ. ఎంత నొక్కినా ఆగదు, వేడంతా ఒకేచోట పుడుతుంది. డోరు అంచు మీద రెండు సెకన్లు ఎక్కువ నిలిపావా, క్లియర్ లేచిపోతుంది. బొంగరం తిరుగుతూనే చిన్న గుండ్రంలో ఊరేగుతుందే, అది డీఏ. ఎక్కువ నొక్కినా వంపు మీద పెట్టినా తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. కొత్తగా పట్టేవాడికి ఆ వణుకే రక్ష. ఫోర్స్‌డ్ రొటేషన్‌లోనూ అదే ఊరేగింపు ఉంటుంది గానీ తిరగడం గేర్ల మీద కాబట్టి నొక్కినా ఆగదు. ఫ్లెక్స్ 3401 అందులో పాత కాపు, 8 ఎంఎం. మకిటా పీఓ6000సీలో అయితే రెండు పద్ధతులూ ఉంటాయి, మీట మార్చుకోవడమే. రెండూ నీ బడ్జెట్‌కి అందవు.

ఎంఎం అంటే ఆ ఊరేగింపు గుండ్రం ఎంత వెడల్పో అది. త్రో అంటారు. నీకు 15 ఎంఎం డీఏ, ప్యాడ్ అంటించడానికి 5 అంగుళాల ప్లేటు. కళ్ళు మూసుకుని కొనుక్కో.

బెజవాడ_పెయింటర్
డీఏ డీఏ అని ఊదరగొట్టేస్తున్నారు. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని నాది. 2000 నంబరు గరుకు కాగితం కొట్టిన డోరుని డీఏతో తీసి చూపించండి, సాయంత్రం అవుద్ది. ఉన్ని ప్యాడ్ వేసిన రోటరీ అయితే తెచ్చిన టీ చల్లారేలోపు అయిపోద్ది. మెషీన్ కాల్చదండి మూర్తిగారూ, చెయ్యి కాలుస్తుంది.

మైక్రాన్_మూర్తి
పెయింటర్‌గారూ, మీ చెయ్యికి ఇరవై రెండేళ్ళు. నాని చెయ్యికి గోడ పెచ్చు ఊడగొట్టిన చరిత్ర. అతనికి చెప్తున్నా నేను.

నల్లబండి_నాని
ఆ గోడ సంగతి రాయకుండా ఉండాల్సింది.

రాణిగంజ్_రాజు
చెయ్యి గురించి మా బావ కథ చెప్తా వినుర్రి. మా బావ గ్రానైట్ పని చేపిస్తడు. సైట్ల పని అయిపోయినంక యాంగిల్ గ్రైండర్ ఖాళీగ ఉన్నది, దానికి స్పంజి ప్యాడ్ బిగించిండు. "పాలిషే కదా, రాయికి అయినప్పుడు రేకుకి ఎందుకు కాదు" అన్నడు. ఆ గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం. కార్ పాలిషర్ రోటరీ ఎంత గుంజినా 3,000 చుట్టుపక్కలనే. తెల్ల స్విఫ్ట్ బానెట్ మీద పెట్టిండు, స్విచ్ నొక్కిండు. స్పంజి మొదలు వాసన కొట్టింది, తర్వాత ముక్కలు ముక్కలై మామిడి చెట్టు మీదికి ఎగిరింది. బానెట్ మీద అరచేయంత జాగాల తెలుపు పోయి బూడిదరంగు ప్రైమర్ తేలింది. మా అక్క ఇప్పటికీ చుట్టాలు వస్తే చూపిస్తది.

మూడు వేలకి పాలిషర్ అని ఆన్‌లైన్ల దొరికేటివి చానా వరకు గట్లాంటి గ్రైండర్‌కి స్పీడ్ తగ్గించే చక్రం పెట్టినవే. కొనేముందు తక్కువలో తక్కువ స్పీడ్ ఎంతుందో చూడున్రి. వెయ్యి కింద లేకపోతే దాని మొఖం చూడకున్రి.

మ్యూనిక్_మురళి
రాజన్న కథకి చిన్న తోక. ఇందాక మూర్తిగారు చెప్పిన ఫ్లెక్స్ కంపెనీయే 1954లో యాంగిల్ గ్రైండర్ తెచ్చింది. అది ఎంత పాతుకుపోయిందంటే ఇక్కడ జర్మనీలో ఇప్పటికీ గ్రైండర్‌ని అందరూ "ఫ్లెక్స్" అనే అంటారు, మనం వనస్పతి అంతటినీ డాల్డా అన్నట్టు. అంటే మీ బావగారు ఒక రకంగా ఫ్లెక్స్‌తోనే పాలిష్ చేశారు.

రాణిగంజ్_రాజు
ఈ ముచ్చట మా బావకి చెప్తే ఫ్రేం కట్టిచ్చుకుంటడు. చెప్ప.

ఎర్రకారు_అపర్ణ
నాని గారూ, నేను రెండేళ్ళ క్రితం సరిగ్గా మీరున్నచోటే ఉన్నాను. ఎర్ర పోలో, హైదరాబాద్‌లోనే. 15 ఎంఎం డీఏ కొన్నాను. మూర్తిగారి మాట కాదనను గానీ ఆయన మెషీన్ దగ్గరే ఆపేశారు. నాకు మెషీన్ నేర్పినదానికంటే ప్యాడ్లు నేర్పింది ఎక్కువ.

మొదటిసారి కటింగ్ ప్యాడ్ ఒకటి, ఫినిషింగ్ ప్యాడ్ ఒకటి కొని కారంతా అయిపోతుందనుకున్నా. రెండో డోరుకే కటింగ్ ప్యాడ్ తడిసిన దోశలా అయిపోయింది. పెయింట్ పొడి, ఎండిన కాంపౌండు అందులో పేరుకుపోయి కోయడం మానేసి పూయడం మొదలెడుతుంది. వేడికి ప్యాడ్ వెనక అంటించిన వెల్క్రో కూడా ఊడొచ్చింది. ఇప్పుడు మొత్తం కారుకి కటింగ్‌వి నాలుగైదు, ఫినిషింగ్‌వి రెండుమూడు పెట్టుకుంటా. ఒక్కో భాగం అవగానే మెత్తటి నైలాన్ బ్రష్‌తో ప్యాడ్ గోకుతా. మెషీన్‌కి ఆరేడు వేలు మించనివ్వకండి, మిగతాదంతా ప్యాడ్లకి ఉంచండి.

ఇంకొక చిట్కా. బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనపడాలి. ఉన్నచోటే వణుకుతోందంటే ప్యాడ్ తిరగట్లేదు, మీరు ఉత్తినే మసాజ్ చేస్తున్నారు. నేను మొదటి రోజు డోరు హ్యాండిల్ కింద వంపులో అరగంట మసాజ్ చేశాను.

21 ఎంఎం జోలికి పోకండి. రూఫ్, బానెట్ లాంటి బల్లపరుపు చోట్ల అది తొందరగా నడుస్తుంది, కానీ సిటీ డోరు మీద ఆ పదునైన మడత ఉంది చూశారా, అక్కడ ప్రతిసారీ ఆగిపోతుంది. అద్దాల కిందా పిల్లర్ల మీదా 3 అంగుళాల చిన్న ప్యాడ్ కావాలి. దానికి వేరే మెషీన్ కొనేకన్నా ఆ కాస్తా చేత్తో రుద్దుకోండి.

స్విఫ్ట్_2012
అపర్ణ గారు, పోలో పెయింట్ గట్టిది అంటారు కదా. హోండా, మారుతి మెత్తన అని విన్నా. మరి నానికి అదే కాంపౌండ్ పనికొస్తుందా?

ఎర్రకారు_అపర్ణ
మంచి పాయింట్. నా పోలోకి గట్టి కాంపౌండూ మైక్రోఫైబర్ ప్యాడూ పెడితే గానీ కదల్లేదు. మా అన్నయ్య పాత సిటీకి అదే పెడితే గీతలు పోయాయి, వాటి బదులు మబ్బు పట్టినట్టు తయారైంది. మెత్తటి నల్ల పెయింట్ అంటే పసిపిల్ల బుగ్గ, గోరు తగిలినా గీరుకుంటుంది. నాని గారు ఫినిషింగ్ పాలిష్, మెత్తటి ఫోమ్‌తోనే మొదలుపెట్టాలి. ఒక అడుగు చదరంలో చేసి చూసి, పోకపోతేనే పై మెట్టు.

మైక్రాన్_మూర్తి
ఇది వెయ్యిసార్లు ఒప్పుకుంటా. టెస్ట్ స్పాట్ చేయకుండా కారంతా ఒకటే కాంపౌండ్ కొట్టేవాళ్ళని చూస్తే నాకు ఉప్పు చూడకుండా వెయ్యిమందికి సాంబారు దించినవాడు గుర్తొస్తాడు.

డాలస్_బాబాయ్
నాని, నేను జులైలో వస్తున్నా. గ్రియాట్స్ జీ9 తెచ్చిపెట్టనా? 9 ఎంఎం, 1000 వాట్స్. నా దగ్గర ఒకటుంది, మూడేళ్ళుగా రెండు కార్లూ దాంతోనే. ఇక్కడ డిస్కౌంట్ పెడితే చౌకగా వస్తుంది.

లెక్కల_మాస్టారు
బాబాయ్, అది 120 వోల్టుల మెషీన్. ఇక్కడ గోడలో 230. మా తోడల్లుడు అమెరికా నుంచి రైస్ కుక్కర్ తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టాడు. అన్నం ఉడకలేదు గానీ ఇల్లంతా ఉడికింది.

డాలస్_బాబాయ్
స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చుగా.

లెక్కల_మాస్టారు
1000 వాట్ల మోటారుని మోయాలంటే అంతకు పై సైజు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ఖరీదు, బరువు చూస్తే డిస్కౌంట్ అక్కడే హారతి. పోనీ బ్యాటరీ మెషీన్ తెస్తానంటావేమో, విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచీలోనే. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్లు, 100 లోపే కాబట్టి విమానం ఎక్కనిస్తారు. కానీ పాలిషర్ 300 వాట్లు తాగిందనుకున్నా ఆ బ్యాటరీ వచ్చేది పద్దెనిమిది నిమిషాలు. ఒక బానెట్‌కి సరి. వైరు ఉన్నదే కొనుక్కో నానీ.

డాలస్_బాబాయ్
సరే మాస్టారూ. నాకు సూట్‌కేసులో ఆవకాయకి చోటు మిగిలింది.

కోదాడ_కుర్రోడు
ఆవకాయ ఇక్కడి నుంచి అక్కడికి కదా వెళ్ళాల్సింది?

డాలస్_బాబాయ్
వెనక్కి వెళ్ళేటప్పుడు నాయనా.

నల్లబండి_నాని
వైరు అంటే గుర్తొచ్చింది. మాది సెల్లార్ పార్కింగ్. ప్లగ్ పాయింట్ కామన్ మీటర్ మీద ఉంది. అసోసియేషన్ సెక్రటరీ "కారు పాలిషింగులకి అపార్ట్‌మెంట్ కరెంటా" అంటున్నాడు. 15 ఆంప్స్ పాయింట్ కావాలా దీనికి?

లెక్కల_మాస్టారు
900 వాట్ల మెషీనే అనుకో. 900ని 230తో భాగిస్తే నాలుగు ఆంపియర్లకి లోపే. మామూలు చిన్న ప్లగ్ చాలు. పూర్తి జోరు మీద గంట నడిపితే 0.9 యూనిట్. మొత్తం కారుకి పది గంటలు పట్టినా తొమ్మిది యూనిట్లు. వంద రూపాయల నోటు సెక్రటరీ చేతిలో పెట్టి రసీదు అడుగు. జీవితంలో మళ్ళీ మాట్లాడడు.

ఒకటి మాత్రం చూసుకో. మూడో అంతస్తు బాల్కనీ నుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయకు. దారిలో వోల్టేజ్ పడిపోయి మెషీన్ మూలుగుతుంది, వైరు వేడెక్కుతుంది. పొడవు తప్పదనుకుంటే లావు వైరు తీసుకో.

సీతమ్మధార_శ్రీను
అందరూ మెషీన్ మీదే పడ్డారు. అసలు అంతకుముందు పని ఎవరూ చెప్పరేంటి? మా వైజాగ్‌లో కార్ల మీద దుమ్ము పడదు, అతుక్కుంటుంది. పోర్టు బొగ్గు పొడి, ఇనప రజను, పైన సముద్రపు తేమ. కడిగిన కారు చేత్తో తాకితే నున్నగానే ఉన్నట్టుంటుంది. పల్చటి క్యారీ బ్యాగ్ చేతికి తొడుక్కుని బానెట్ మీద పోనివ్వండి, గరుకు కాగితం మీద పోనిచ్చినట్టు తెలుస్తుంది. ఆ రజను ఉండగా మెషీన్ పెట్టారంటే ప్యాడ్ దాన్నే పట్టుకుని కారంతా గీస్తుంది.

అందుకని ముందు కడగాలి, తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టాలి. ఇనుము ఉన్నచోట ఊదారంగు నీళ్ళు కారతాయి, చూడ్డానికి నేరేడు పళ్ళు పిండినట్టు. తర్వాత షాంపూ నీళ్ళు చల్లుకుంటూ క్లే బార్, అంటే మిగిలిన రజనుని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద, రుద్దాలి. క్లే కింద పడితే అది చెత్తబుట్టకే. తుడుచుకుని మళ్ళీ వాడదామనే పొదుపు వద్దు, నేను చేశా, డిక్కీ మీద ఇంకా కనపడుతుంది.

స్విఫ్ట్_2012
హైదరాబాద్ బోరు నీళ్ళ మరకలు కూడా ఉంటాయి, గుండ్రంగా తెల్లగా. అవి క్లేకి పోవు.

సీతమ్మధార_శ్రీను
కొత్తవైతే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డ తడిపి నిమిషం ఉంచి కడిగేయండి. ఎండలో మాత్రం చేయొద్దు. పాతవి క్లియర్‌ని తినేసి గుంట చేసి ఉంటాయి, వాటికి మెషీనే దిక్కు.

బెజవాడ_పెయింటర్
ఇందాకటి నుంచి చదువుతున్నా. నాని గారికి డీఏ కొనుక్కోమనే నేనూ చెప్తా, ఎందుకంటే ఆయన కారు ఆయనది, టైము ఆయనది. నేను రోటరీ ఎందుకు వదలనో కూడా వినండి. నా దగ్గరికొచ్చే కస్టమరు పొద్దున బండి ఇచ్చి సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలంటాడు. ఇచ్చేది పదిహేను వందలు. డీఏతో రెండు రోజులు కూర్చుంటే నాకు మిగిలేది బొగ్గు. అదీ లెక్క.

మూర్తిగారు మైక్రాన్లు చెప్పారు గానీ ఆ మైక్రాన్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. అంచుల మీదా మడతల మీదా పెయింట్ పల్చగా నిలబడుద్ది. స్ప్రే చేసినోడిని నేను, నాకు తెలుసు. మడతల మీద, డోరు అంచుల మీద మాస్కింగ్ టేప్ వేసేయండి, చివర్లో టేప్ తీసి చేత్తో కానివ్వండి. సెకండ్ హ్యాండ్ బండైతే ఏ డోరుకి రీపెయింట్ పడిందో ముందు చూసుకోండి. రబ్బరు బీడింగ్ కింద గోరు పోనిస్తే టేపు వేసిన గీత తగులుద్ది. అక్కడ క్లియర్ ఎంత వేశారో వేసినోడికే తెలియదు. బంపరు ప్లాస్టిక్కు, వేడి నిలిచిపోద్ది, మీరు కొనే మామూలు మీటరు దాని మీద మందం చూపించదు కూడా.

వేడి చూడ్డానికి అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి పెట్టండి. హాయిగా ఆనించి ఉంచగలిగితే సరే, ఉలిక్కిపడి తీశారంటే ఆపేయండి. వైరు భుజం మీంచి వెనక్కి వేసుకోండి, లేకపోతే వైరే డోరుని గీస్తుంది.

మైక్రాన్_మూర్తి
చెయ్యి వెనక్కి తిప్పి పెట్టడం బాగుంది, నోట్ చేసుకున్నా. కానీ ఒక్కటి నిజం చెప్పండి. మీ రోటరీ పనిని మరుసటి రోజు మధ్యాహ్నం ఎండలో పెడితే నెమలి ఈకలా హోలోగ్రాములు ఆడవా?

బెజవాడ_పెయింటర్
తెల్ల బండికి ఆడవు.

మైక్రాన్_మూర్తి
నల్ల బండికి?

బెజవాడ_పెయింటర్
నల్ల బండి సాయంత్రం ఆరు దాటాకే డెలివరీ ఇస్తానండి 😄

సరే, దాచుకునేదేముంది. ఈ మధ్య ఒక డీఏ కొన్నా నేను కూడా. ముందు రోటరీతో కోసేసి, ఆఖర్న మెత్తటి ఫోమ్‌తో డీఏ ఒక చుట్టు వేస్తే ఆ నెమలి ఈకలు పోతున్నాయి. ఇది మా కుర్రాళ్ళకి ఇంకా చెప్పలేదు.

రాణిగంజ్_రాజు
ఇగో, ఇదీ అసలు ముచ్చట. ఇరవై రెండేండ్ల రోటరీ మనిషి దొరికిండు.

నల్లబండి_నాని
రెండు వారాలైంది, రిపోర్ట్ రాస్తున్నా. 15 ఎంఎం డీఏ కొన్నా, 5 అంగుళాల ప్లేటు. బ్రాండ్ పేరు చెప్పను, చెప్తే ఇక్కడ ఇంకో యాభై పోస్టులు కొట్లాట. మెషీన్ ఆరున్నర వేలు. ప్యాడ్లు ఏడు, ఒక కాంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్, క్లే, ఐరన్ రిమూవర్, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు కలిపి పన్నెండు దాటింది. ఎంత దాటిందో మా ఆవిడ కూడా ఈ థ్రెడ్ చదువుతోంది కాబట్టి రాయట్లేదు.

శనివారం కడగడం, ఇనుము, క్లే. నేరేడు పళ్ళ నీళ్ళు మా కారుకీ కారాయి, వైజాగ్ అక్కర్లేదు శ్రీను గారూ. ఆదివారం పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టా. బానెట్ మధ్యలో నిలువుగా టేప్ వేసి ఒక పక్క అడుగున్నర చదరం. అపర్ణ గారు చెప్పినట్టు మెత్తటి ఫోమూ ఫినిషింగ్ పాలిషే ముందు. గీతలు సగం పోయాయి. తర్వాత కాంపౌండ్‌తో అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, మొత్తం నాలుగు చుట్లు, నత్తలా నడిపించా. నీళ్ళు కలిపిన ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నూనె తుడిచి, టేప్ పీకి, ఫోన్ టార్చ్ పెట్టి చూశా. టేప్‌కి ఇటు నల్లటి బావి. అటు సాలెగూడు. మా ఆవిడని నిద్ర లేపి తీసుకొచ్చి చూపించా. "బాగుంది, రెండో సగం ఎప్పుడు చేస్తావ్, ఇలా వదిలేయకు" అని వెళ్ళి పడుకుంది.

ఇక చేసిన ఘనకార్యాలు. ఒకటి, ప్యాడ్ మీద నాలుగు చుక్కలు వేసి, దాన్ని పెయింట్‌కి ఆనించకుండానే గాల్లో నాలుగో స్పీడులో స్విచ్ నొక్కా. చుక్కలన్నీ నా కళ్ళద్దాల మీద, చొక్కా మీద, సెల్లార్ సీలింగ్ మీద, పక్కనున్న 302 వాళ్ళ తెల్ల క్రెటా మీద. ముందు ఆనించి, ఒకటో స్పీడులో పరిచి, తర్వాత పెంచాలని అప్పుడు అర్థమైంది. రెండు, నల్ల ప్లాస్టిక్ బీడింగులకి టేప్ వేయలేదు. తెల్లగా ఎండిపోయింది, టూత్‌బ్రష్‌తో గంట గోకినా సందుల్లో పిండిలా ఉంది.

డ్రైవర్ డోరు మీద ఒక గీత మాత్రం పోలేదు. గోరు ఆగుతోంది.

మైక్రాన్_మూర్తి
గోరు ఆగిందంటే వదిలేయ్. అది పూర్తిగా తీయాలంటే అడుగున ఏమీ మిగలదు. దాని అంచులు కాస్త గుండ్రపడితే కంటికి తగ్గుతుంది, అక్కడితో చాలు. బీడింగులకి వేరుశనగ వెన్న రాసి టూత్‌బ్రష్‌తో రుద్ది, తర్వాత సబ్బుతో కడుగు. నవ్వకండి, నూనె ఆ తెల్ల పిండిని లేపుతుంది.

కోదాడ_కుర్రోడు
కారుకి వెన్న, బాబాయ్‌కి ఆవకాయ. ఒక ప్లేటు ఇడ్లీ పెడితే టిఫిన్ సెంటరే.

ఎర్రకారు_అపర్ణ
టేప్ పీకిన ఆ క్షణం కోసమే ఈ పనంతా. బాగా చేశారు. ఇప్పుడు అసలు ప్రశ్న: వాచ్‌మన్ సంగతేంటి? మళ్ళీ సోమవారం పొద్దున్న పొడి గుడ్డ పడితే మీ ఆదివారం గోవిందా.

నల్లబండి_నాని
అది చెప్పడం మరిచిపోయా. ముందు అతనికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, తడి చేయకుండా తుడవొద్దని చూపించా. సరే సార్ అన్నాడు. మూడో రోజు కిందికి దిగితే అదే గుడ్డతో 105 వాళ్ళ బుల్లెట్ చెయిన్ తుడుస్తున్నాడు. ఇప్పుడు నా కారు ముట్టుకోకుండా ఉన్నందుకు నెలకి నాలుగొందలు ఇస్తున్నా. రెండు బకెట్లతో వారానికోసారి నేనే కడుక్కుంటున్నా, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి.

లెక్కల_మాస్టారు
ఖర్చులో మార్పు సున్నా. బాగుంది.

నల్లబండి_నాని
302 ఆయన క్రెటా మీద చుక్కలు తుడిచి ఇవ్వడానికి వెళ్ళా కదా. తుడిచినచోట మెరుస్తోందట, మిగతాదంతా ఎప్పుడు చేస్తావని అడుగుతున్నాడు. డబ్బులిస్తా అంటున్నాడు. ఎంత చెప్పను?

బెజవాడ_పెయింటర్
పదిహేను వందలకి తగ్గి చెప్పావంటే ఊరుకోను. మా మార్కెట్ పాడవుద్ది.